బెల్జియన్ డార్క్ స్ట్రాంగ్ ఏల్: తీపికి మార్కులు కొయ్యాలా, వద్దా?

మూడో_గుక్క
ఒకే సీసా, ఇద్దరు రుచి చూశారు. ఒకరు 50కి 41 వేశారు, ఇంకొకరు 28. మొదటాయన రాసింది: "ఎండుద్రాక్ష, ఖర్జూరం, కారమెల్, నోటికి నిండుగా ఉంది." రెండో ఆయన రాసింది: "పాకం తాగినట్టుంది, ముక్కుకి స్పిరిట్ కొడుతోంది, గ్లాసు ఖాళీ చెయ్యడం కష్టం."
ఇంట్లో బ్రూ చేసిన బీరు. ఓజీ (పులియకముందు గ్రావిటీ, అంటే సాంద్రత) 1.090, ఎఫ్‌జీ (పులిశాక గ్రావిటీ) 1.024, చేదు 22 ఐబీయూ, రంగు 20 ఎస్‌ఆర్‌ఎమ్ చుట్టుపక్కల, గ్యాస్ 2.2 వాల్యూములు (బీరు పరిమాణానికి అన్ని రెట్లు) ఉండొచ్చని లెక్క. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పోశారు. ఇంతకీ ఈ స్టైల్లో తీపి తప్పా, కాదా? తప్పయితే ఎంత కొయ్యాలి?

చేదు_నిజం
తప్పే. 28 వేసినాయనకే నా ఓటు.

నురగ_నారాయణ
ఓట్లు తర్వాత లెక్కపెడదాం. ఇద్దరూ ఒకే సమయంలో తాగారా? ఇది ముందు తేలాలి.

మూడో_గుక్క
లేదు. 41 వేసినాయన పోసిన వెంటనే. 28 వేసినాయన దాదాపు 40 నిమిషాల తర్వాత. గ్లాసు బల్ల మీదే ఉంది.

నురగ_నారాయణ
అయితే వాళ్లు తాగింది రెండు వేరే బీర్లు అనుకోండి.
5 డిగ్రీల దగ్గర నాలుకకి తీపి సరిగ్గా తెలీదు, ఆల్కహాల్ ఆవిరి ముక్కుదాకా రాదు, ఉన్న కాస్త గ్యాస్ కూడా ద్రవంలోనే ఉంటుంది. 40 నిమిషాలు ఆగితే మూడూ తిరగబడతాయి. తీపి బయటపడుతుంది, స్పిరిట్ లేస్తుంది, గ్యాస్ పోతుంది. 2.2 వాల్యూములతో మొదలైన బీరు ఆ టైముకి చప్పగా అయిపోయి ఉంటుంది.
ఈ రకం ఏల్‌ని 10 నుంచి 14 డిగ్రీల మధ్య పొయ్యాలి. ఫ్రిజ్‌లోంచి తీసి 330 మి.లీ. సీసాని గది వేడిలో ఓ అరగంట నిలబెట్టండి. థర్మామీటర్ ఉంటే గ్లాసులో ముంచి చూసి మార్కుల షీటు మీద ఆ అంకె కూడా రాయండి. రెండుసార్లు రుచి చూడాలి, 11-12 దగ్గర ఒకసారి, 15-16కి వచ్చాక ఇంకోసారి. లోపాలన్నీ రెండోసారే దొరుకుతాయి.

చేదు_నిజం
వేడెక్కితే పాకంలా మారే బీరు చల్లగా ఉన్నప్పుడూ పాకమే. దాక్కుందంతే. 1.024 దగ్గర ఆగిపోయిన డార్క్ స్ట్రాంగ్ డార్క్ స్ట్రాంగే కాదు.

మాల్ట్‌మూర్తి
అంత ఖరాఖండీగా ఎలా చెప్తారండీ. బీజేసీపీ (బీరు జడ్జిల సంస్థ) 2021 గైడ్‌లైన్స్‌లో 26డీకి (ఈ స్టైల్ నంబరు) ఎఫ్‌జీ 1.010 నుంచి 1.024 దాకా ఉంది. ఈయనది గీత మీద ఉంది కానీ గీత దాటలేదు. మిగతావి: ఓజీ 1.075–1.110, ఐబీయూ 20–35, ఎస్‌ఆర్‌ఎమ్ 12–22, ఆల్కహాల్ 8–12 శాతం. పైగా ట్రాపిస్ట్ (సన్యాసుల మఠాల) బీర్లు పొడిగా ఉంటాయనీ, ఆబీ (మఠం) పేరుతో వచ్చేవి తియ్యగా, బరువుగా ఉండొచ్చనీ అందులోనే రాశారు. కాబట్టి తీపి ఉన్నంత మాత్రాన తప్పు కాదు.
ఎఫ్‌జీ ఒక్కటే చూసి తీర్పు చెప్పలేం, అసలు చిక్కు అక్కడుంది. 1.090 నుంచి 1.024 అంటే అటెన్యుయేషన్ (పులిసిపోయిన చక్కెర వాటా) 73 శాతం. ఈ స్టైల్లో 80కి అటూఇటూ రావాలి. అదే ఓజీ 1.105 అయ్యుంటే 1.024 దగ్గర 77 శాతం వచ్చేది, ఆల్కహాల్ పదిన్నర దాటేది, ఆ తీపిని అది మోసేది. ఇక్కడ ఆల్కహాల్ 8.7 శాతమే, చేదు 22, గ్యాస్ 2.2. తీపికి ఎదురు నిలబడేవి మూడూ నీరసంగానే ఉన్నాయి.
రుచి చూసేటప్పుడు "తియ్యగా ఉందా?" అని అడగకండి. మింగాక పది సెకన్లు ఆగి నోట్లో ఏం మిగిలిందో చూడండి. మొదట్లో కారమెల్, ఎండు ప్లమ్ తీపి ఎంతయినా రావచ్చు. మింగాక నోరు పొడిబారి ఇంకో గుక్క కావాలనిపిస్తే అది సరైన బీరు. పెదాలు అంటుకుంటుంటే కొయ్యండి.

బాటిల్_బాబాయ్
పెదాలు అంటుకుంటే మంచిదేగా, వాదన ఆగుతుంది.

చేదు_నిజం
@మాల్ట్‌మూర్తి గైడ్‌లైన్ అంచున ఉన్నంత మాత్రాన బాగున్నట్టు కాదు. చిమే బ్లూ తాగి చూడండి. 9 శాతం, దాదాపు ఈయన బీరంతే. చివర ఎంత పొడిగా ముగుస్తుందో చూశాక మాట్లాడదాం.

మాల్ట్‌మూర్తి
చిమే బ్లూ ఒక కొస. సెయింట్ బెర్నార్డస్ ఆబ్ట్ 12, రోష్‌ఫోర్ 10 కూడా అదే వర్గానికి ఉదాహరణలుగా ఇచ్చినవే. వాటిలో నిండుదనం ఎక్కువ, తీపీ ఎక్కువే. ఒక్కదాన్ని కొలబద్ద చేసుకుంటే మిగతావన్నీ లోపాలుగానే కనిపిస్తాయి. కొత్తగా జడ్జింగ్ మొదలుపెట్టేవాళ్లు మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని, లేబుళ్లు కనపడకుండా కప్పి తాగితే ఈ గొడవ సగం తీరుతుంది.

హాప్_స్కాచ్
మధ్యలో చిన్న సందేహం. రోష్‌ఫోర్ 10 అంటే 10 శాతం కాదా?

బాటిల్_బాబాయ్
కాదు. రోష్‌ఫోర్ 10లో 11.3, 8లో 9.2, 6లో 7.5. వెస్ట్‌వ్లెటరెన్ 12లో 10.2. సీసా మీది అంకెను నమ్మి రెండోది తెరిచినవాళ్లకి మర్నాడు లెక్క బాగా అర్థమవుతుంది.

లవంగలత
తీపి గొడవలో అందరూ ముక్కుని మర్చిపోయారు. షీటులో వాసనకి 12 మార్కులున్నాయి.
గ్లాసు తులిప్ ఆకారంలో ఉండాలి, లేదా వెడల్పు గోబ్లెట్. పోసేది 60 నుంచి 90 మి.లీ. చాలు. పోసిన మొదటి నిమిషంలోనే వాసన చూడాలి, గంధకం లాంటి తేలిక వాసనలు ఆగితే ఎగిరిపోతాయి. అరచేత్తో మూతలా మూసి గ్లాసుని తిప్పండి, చెయ్యి తీసి రెండు మూడుసార్లు పొట్టిగా పీల్చండి. ఒకటే పొడుగ్గా పీలిస్తే ముక్కు అలవాటు పడిపోయి ఏదీ పట్టుకోదు. అనిపించింది అనిపించినట్టు రాసేశాక నురగ, రంగు చూడండి. రంగు ఎక్కడికీ పారిపోదు.
ఇక వెతకాల్సినవి. ఎండుద్రాక్ష, అంజీర, ఎండు ప్లమ్, ఎండు చెర్రీ లాంటి ముదురు పళ్లు ముందుండాలి. వాటి వెనక మిరియపు ఘాటు, ఎప్పుడైనా కాస్త లవంగం. ఆ లవంగం 4-వినైల్ గ్వయకాల్. మాల్ట్‌లోని (మొలకెత్తించి ఎండబెట్టిన గింజలోని) ఫెరూలిక్ ఆమ్లాన్ని ఈస్టు అలా మారుస్తుంది. అరటిపండు వాసన ఐసోఅమైల్ ఎసిటేట్, లీలగా ఉంటే పర్లేదు. అరటి, లవంగం రెండూ ముందుకొచ్చి నిలబడితే గోధుమ బీరు వైపు జారుతున్నట్టు. కాఫీ, మాడిన వాసన వస్తే రోస్ట్ మాల్ట్ పడిందన్నమాట, దానికి ఇక్కడ చోటు లేదు. నలుపు కూడా అంతే. వెలుగుకి ఎత్తి పట్టుకుంటే అంచుల్లో రాగి ఎరుపు మెరవాలి.
28 వేసినాయన "స్పిరిట్" అన్నది ఏంటో తేల్చకుండా మార్కుల గురించి మాట్లాడలేం.

ఈస్టు_వెస్టు
లతగారు సరిగ్గా పట్టుకున్నారు. "స్పిరిట్" అనే మాట కింద మూడు వేర్వేరు విషయాలు దూరిపోతుంటాయి.
ఒకటి మామూలు ఇథనాల్. మింగాక గొంతులో, ఛాతీలో మెల్లగా వెచ్చబడుతుంది. 9 శాతం బీరులో అది ఉండాల్సిందే, తప్పు కాదు.
రెండోది ఫ్యూజల్ ఆల్కహాల్స్. గుక్క వెయ్యకముందే ముక్కులో గుచ్చుతుంది, మింగితే గొంతు మండుతుంది. తప్పు.
మూడోది ఇథైల్ ఎసిటేట్. తక్కువుంటే పళ్ల వాసన, ఎక్కువైతే నెయిల్ పాలిష్ రిమూవర్. తప్పు.
రెండూ మూడూ వచ్చేది చాలావరకు మొదటి మూడు రోజుల్లోనే. ఈస్టు తక్కువ వేసి, వేడిని వదిలేస్తే జరిగేది ఇదే. 20 లీటర్ల 1.090 వోర్ట్‌కి (పులియని తీపి ద్రవానికి), అంటే ఇంచుమించు 21.5 ప్లేటో (చక్కెర శాతం కొలత), మిల్లీలీటరుకి ప్లేటోకి 7.5 లక్షల కణాల లెక్కన 32,000 కోట్ల కణాలు కావాలి. తాజా ద్రవ ఈస్టు ప్యాకెట్లో సుమారు 10,000 కోట్లే. ఒక్క ప్యాకెట్ చింపి పోసేస్తే మూడోవంతు కూడా పడనట్టే. స్టార్టర్ (ముందే కొంచెం వోర్ట్‌లో పెంచిన ఈస్టు) చేసుకోవాలి, లేదా చిన్న బీరొకటి తీసిన ఈస్టు అడుగుని వాడాలి. వేసేముందు వోర్ట్‌కి బాగా గాలి పట్టించాలి.
బెల్జియన్లు వేడిగా పులియబెడతారు కదా అని మొదటిరోజే 26లో పెట్టేవాళ్లున్నారు. అక్కడ జరిగేది వేరు. తక్కువలో మొదలై, ఈస్టు వేడికి దానంతటదే పైకి పోతుంది. ఇంట్లో 18లో వేసి, రెండు రోజులు 20 దాటనివ్వకుండా పట్టుకుని, జోరు తగ్గాక 24–25కి వదిలితే ఎస్టర్లు (పళ్ల వాసనలు) వస్తాయి, మంట రాదు, ఎఫ్‌జీ కూడా కిందికి దిగుతుంది.

మూడో_గుక్క
ఈస్టు ఒకటే ప్యాకెట్ పడింది. వేడి 23లో మొదలైంది. మాష్ (మాల్ట్‌ని వేడినీళ్లలో నానబెట్టడం) 68 డిగ్రీలు. చక్కెర మొత్తం పులిసేవాటిలో 5 శాతం, గోధుమరంగు రాళ్ల చక్కెర.

ఈస్టు_వెస్టు
ఇక పోస్టుమార్టం అక్కర్లేదు, అన్నీ మీరే చెప్పేశారు :)

మాల్ట్‌మూర్తి
68లో మాష్ చేస్తే ఈస్టు తినలేని డెక్స్‌ట్రిన్లు మిగులుతాయి. 64–65కి దించి 75–90 నిమిషాలు ఉంచండి. చక్కెర 5 నుంచి 15 శాతానికి పెంచండి. వింటే తిరకాసుగా ఉంటుంది కానీ, ఈ బీరులో చక్కెర పెరిగేకొద్దీ తీపి తగ్గుతుంది. సాదా చక్కెర మొత్తం పులిసి ఆల్కహాల్ అయిపోతుంది, మాల్ట్ వాటా తగ్గి ఒళ్లు తేలికవుతుంది.
రాళ్ల చక్కెరలో రంగూ రుచీ దాదాపు ఏమీ ఉండవు. ఎండుపళ్ల రుచి కావాలంటే బాగా ముదిరిన క్యాండీ సిరప్ (కాచిన చక్కెర పాకం) వాడాలి. స్పెషల్ బీ మాల్ట్ కూడా ఎండుద్రాక్ష ఇస్తుంది. అది 3–5 శాతం చాలు, అంతకు పైన వేస్తే అదే పాకమైపోతుంది. ఆ రెండూ ఉంటే మిగతా క్రిస్టల్ మాల్ట్‌లు మానెయ్యండి.

చేదు_నిజం
చివరికి అందరూ నా దగ్గరికే వచ్చారు. తీపి తప్పు.

మాల్ట్‌మూర్తి
రాలేదు. బ్రూవర్‌కి ఇచ్చే సలహా వేరు, గ్లాసుకి వేసే మార్కు వేరు. రెసిపీ తెలిశాక "ఓహో అందుకే" అని ఇంకో మూడు మార్కులు కోసేవాళ్లు నిజమైన ప్రమాదం. షీటు మీద రాయాల్సింది నోరు చెప్పింది మాత్రమే.

హాప్_స్కాచ్
నోరు అంటే గుర్తొచ్చింది. బీరుని వైన్‌లా ఉమ్మకూడదంటారు, చేదు నాలుక వెనకే తెలుస్తుంది కాబట్టి. అంతేనా?

లవంగలత
ఉమ్మకూడదన్నది నిజం, కారణం తప్పు. నాలుకని భాగాలు చేసి తీపి ఇక్కడ, చేదు అక్కడ అని గీసిన ఆ బొమ్మ ఎప్పుడో కొట్టేశారు. అన్ని రుచులూ నాలుకంతా తెలుస్తాయి. మింగమనేది ముగింపు కోసం. మింగాక నోరు మూసి ముక్కుతో గాలి వదిలితే గొంతు వెనక నుంచి వాసన మళ్లీ పైకొస్తుంది. ఈ ఏల్‌లో ఎండుపళ్లు, మిరియం, ఆల్కహాల్ మూడూ బాగా విడిపోయి తెలిసేది అక్కడే. 10 శాతం బీర్లు వరసగా ఐదారు ఉంటే మాత్రం గుక్కలు చిన్నవి చేసుకోండి. ఆ వరసలో చివరి సీసాకి ఎప్పుడూ అన్యాయమే జరుగుతుంది, లేదా మరీ న్యాయం జరుగుతుంది.

బాటిల్_బాబాయ్
అడుగున ఈస్టు మట్టి గురించి ఎవరూ ఎత్తలేదే? కదిపి పోస్తే ఆ రుచే వేరు.

నురగ_నారాయణ
వేరే, అందుకే జడ్జింగ్‌కి వద్దు బాబాయ్. సీసాని కనీసం ఒకరోజు నిటారుగా నిలబెట్టి, ఆపకుండా ఒకే ధారగా పోసి, చివరి వేలెడంత సీసాలోనే వదిలెయ్యాలి. మధ్యలో ఆపి సీసాని నిలబెడితే అలకి అడుగు లేస్తుంది. నలుగురికి పంచాలంటే గ్లాసులన్నీ వరసగా పెట్టుకుని సీసా వంపు తగ్గించకుండా పోసుకుంటూ పోవాలి. లేకపోతే మొదటి గ్లాసు తేటగా, నాలుగోది బురదగా వస్తుంది. అప్పుడు మళ్లీ 41కీ 28కీ గొడవ.
ఈస్టు కలిసిన గ్లాసులో బ్రెడ్ రుచి, కొంచెం గరుకు చేదు వస్తాయి. ముగింపు పొడిగా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. పాత సీసాలో అయితే ఇంకా నష్టం. చచ్చిన ఈస్టు కరిగి సోయా సాస్ లాంటి రుచి ఇస్తుంది, ఆ నింద బీరు మీద పడుతుంది. ఇంట్లో తాగేటప్పుడు మీ ఇష్టం, ఆ చివరి వేలెడు విడిగా చిన్న గ్లాసులో పోసుకుని తాగండి.

బాటిల్_బాబాయ్
విడిగానే తాగుతాం. బి విటమిన్ అని ఇంట్లో చెప్పాలిగా.

హాప్_స్కాచ్
పాత సీసా అన్నారు కాబట్టి అడుగుతున్నా. షెర్రీ (స్పానిష్ వైన్) వాసన వస్తే కొయ్యాలా?

చేదు_నిజం
ఆక్సిడేషనే కదా. కొయ్యాలి.

లవంగలత
ఇక్కడ మాత్రం మీతో ఒప్పుకోను. ఆక్సిజన్ అన్ని బీర్లనీ ఒకేలా పాడు చెయ్యదు. తడి అట్టపెట్టె వాసన, అంటే ట్రాన్స్-2-నోనెనల్, వస్తే ఏ వయసు బీరైనా సరే లోపమే. ముదురు మాల్ట్, ఎక్కువ ఆల్కహాల్ ఉన్న బీరు పాతబడితే షెర్రీ, పోర్ట్, తోలు, ముదిరిన ఎండుపళ్ల వైపు వెళ్తుంది. అదే సమయంలో అరటి ఎస్టర్ నెమ్మదిగా తగ్గుతుంది, హాప్ వాసన పోతుంది. చిమే బ్లూ 750 మి.లీ. సీసా మీద సంవత్సరం వేసి అమ్మేది దాచుకునేవాళ్లు ఉన్నారనే. లీలగా షెర్రీ ఉంటే నేను కొయ్యను. అదొక్కటే మిగిలి మాల్ట్ కనపడకపోతే కోస్తా.
పుల్లటి వెనిగర్, గుర్రపుశాల వాసన వేరే లెక్క. బ్రెట్ (గుర్రపుశాల వాసనిచ్చే అడవి ఈస్టు) ఉండాల్సింది ఓర్వాల్ బీరులో. డార్క్ స్ట్రాంగ్‌లో వస్తే ఎక్కడో ఏదో దూరిందని అర్థం.

చేదు_నిజం
షెర్రీ కావాలంటే షెర్రీ తాగొచ్చు. సరే, ఇది ఇక్కడితో వదిలేద్దాం.

మాల్ట్‌మూర్తి
మొదటి ప్రశ్నకి వస్తా. షీటులో వాసన 12, చూపు 3, రుచి 20, నోటి స్పర్శ 5, మొత్తం మీద 10. వెచ్చబడ్డాక పాకం, ముక్కులో మంట ఉన్నాయి, ఎండుపళ్లు మాత్రం బాగున్నాయి అనుకుందాం. నేనైతే వాసన 8, చూపు 3, రుచి 12, స్పర్శ 2, మొత్తం 6 వేస్తా. 31.
ఒకే లోపానికి నాలుగు గళ్లలో కొయ్యకూడదు, 28 అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. తీపిని రుచిలో కొయ్యండి. గ్యాస్ తక్కువ, గొంతు మంట స్పర్శలో. స్పిరిట్ వాసనని వాసనలో. "మొత్తం మీద" గడిలో ఇంకో గ్లాసు కావాలనిపించిందా లేదా అనేదే రాయండి, పాత నేరాలన్నీ మళ్లీ చదవకండి.
ఇక 41 అంటే 38–44 మధ్య, ఎక్సలెంట్ వరుస. ముక్కులో గుచ్చే బీరు ఆ వరుసలోకి రాదు. చాలా పోటీల్లో ఒకే బీరుకి ఇద్దరు జడ్జిల మార్కులు 7 లోపు తేడాకి రావాలంటారు. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. 13 తేడాని సగం చేసి మధ్యలో కలుద్దామంటే కుదరదు, మళ్లీ పోసి మళ్లీ తాగాలి.

నురగ_నారాయణ
స్పర్శకి 3 ఇవ్వొచ్చు. 32.

చేదు_నిజం
29.

బాటిల్_బాబాయ్
వేలంపాట మొదలైంది.

మూడో_గుక్క
ఇవాళ ఇంకో సీసా 12 డిగ్రీల దగ్గర ఇద్దరికీ ఒకేసారి పోశాం. ఇప్పుడు 34, 30. హైడ్రోమీటర్ (గ్రావిటీ కొలిచే తేలే గొట్టం) కూడా మళ్లీ పెట్టా. ముందుసారి గ్యాస్ తియ్యకుండా పెట్టారట. రెండు గ్లాసుల మధ్య ఇరవైసార్లు ఒంపి గ్యాస్ పోగొడితే 1.021 వచ్చింది.

మాల్ట్‌మూర్తి
బుడగలు హైడ్రోమీటర్‌ని పైకి లేపుతాయి, అందుకే అంకె ఎక్కువ చూపింది. 1.021 అంటే 77 శాతం, పర్లేదు. ఇది చదివే మిగతావాళ్లకి: పులిసిన బీరుని రిఫ్రాక్టోమీటర్‌లో (కాంతి వంపుతో చక్కెర కొలిచే పరికరంలో) నేరుగా చదవొద్దు. 1.090 బీరు అందులో 10.5 బ్రిక్స్ (చక్కెర శాతం) చూపిస్తే 1.042 దగ్గర ఆగిపోయిందని కంగారుపడతారు. ఆల్కహాల్ లెక్క సరిచేస్తే అది 1.015 చుట్టుపక్కలే.

మూడో_గుక్క
34, 30 ఇద్దరూ రాసింది ఒక్కటే: "గ్యాస్ ఇంకా ఉండుంటే." సీసాల్లో ఇప్పుడు పెంచే దారి ఉందా? మూతలు తీసి చక్కెర వెయ్యొచ్చా?

ఈస్టు_వెస్టు
చక్కెర వద్దు. ముందు ఎందుకు తక్కువుందో చూడాలి. 9 శాతంలో అలిసిపోయిన ఈస్టు చక్కెరని తినకుండా వదిలేసి ఉండొచ్చు. సీసాలని తలకిందులు చేసి అడుగు కదిపి, 22–24 డిగ్రీల్లో మూడు వారాలు ఉంచి ఒకటి తెరవండి.
పెరగకపోతే కొత్త ఈస్టు వెయ్యాలి. వేసేముందు 200 మి.లీ. బీరు గ్యాస్ తీసి, అందులో అరచెంచా పొడి ఈస్టు కలిపి, 25 డిగ్రీల్లో నాలుగైదు రోజులు పెట్టి గ్రావిటీ చూడండి. 1.021 దగ్గరే ఉంటే ప్రతి సీసాలో నాలుగైదు పలుకులు వేసి కొత్త మూత బిగించొచ్చు. 1.018కి దిగితే మాత్రం ముట్టుకోవద్దు. ఒక్కో పాయింటు (0.001) దాదాపు అర వాల్యూమ్ గ్యాస్, మూడు పాయింట్లంటే మీ 2.2 కాస్తా 3.7 అవుతుంది.

నురగ_నారాయణ
3.7ని మామూలు పలచటి సీసా ఆపలేదు. మందం గాజు బెల్జియన్ సీసాలు కాకపోతే 3 దగ్గరే ఆగండి. తర్వాతిసారి లీటరుకి 8.5 గ్రాముల చక్కెర, బాట్లింగ్ రోజే కొత్త ఈస్టు. 20 డిగ్రీల్లో ఉన్న బీరుకి అది 3 వాల్యూములు ఇస్తుంది.

మూడో_గుక్క
మందం సీసాలు ఆరే ఉన్నాయి, మిగతావి పలచటివి. 200 మి.లీ. పరీక్ష ఇవాళే పెడుతున్నా, అంకె వచ్చాక ఇక్కడే వేస్తా.